మరకను దాచే పొర: ఫ్లోరైడ్ పళ్ళ మీద కాంపోజిట్, కొన్నేళ్ళ వాడకం తర్వాత

పళ్ళ మీద కాంపోజిట్, అంటే రెసిన్‌తో చేసే పంటి రంగు పూత, వేయించుకున్నవాళ్ళు రాసే అనుభవాలన్నీ పైకి కనిపించే తెలుపు గురించే ఉంటాయి. ఎంత తెల్లగా వచ్చాయి, ఎంత మెరుస్తున్నాయి, ఎంత ఖర్చయింది. నేను రాయదలచుకున్నది ఆ తెలుపు కింద, ఎవరి కంటా పడకుండా ఉండే పలచని పొర గురించి. పళ్ళ డాక్టర్లు దాన్ని ఒపేకర్ అంటారు. గోధుమరంగు మరకకూ, పైన వేసే పంటి రంగు పదార్థానికీ మధ్య అడ్డుగా వేసే పొర అది. నా పై వరుసలో ముందున్న ఆరు పళ్ళ మీద కరోనా రాకముందు నుంచీ ఉంది. ఈలోగా ఒక పన్ను అంచు విరిగింది, అక్కడక్కడా టీ గీతలు పడ్డాయి, మెరుపు తగ్గితే పాలిష్ పెట్టించాను. కింద ఉన్న మరక మాత్రం ఏ వెలుగులోనూ పైకి తేలలేదు. పన్ను అరగదీయకుండా ఇంత పని జరగడం నాకు ఇప్పటికీ అపురూపమే.

మాది కనిగిరి వైపు పల్లె. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును మన దేశంలో మొదటిసారి నమోదు చేసింది 1937లో, మా ప్రాంతం ఉన్న అప్పటి నెల్లూరు జిల్లాలోనే. షార్ట్ అనే వైద్యుడూ ఆయన బృందమూ చేసిన పని అది. అంటే నా పళ్ళ మీది గోధుమరంగు చారలకు మా తాతల నాటి చరిత్ర ఉంది. ముందు పళ్ళకు పైనుండే గట్టి పొర, ఎనామెల్, దాదాపుగా మనకు నాలుగైదేళ్ళు వచ్చేలోపే, పన్ను ఇంకా చిగురు లోపల ఉండగానే తయారైపోతుంది. ఆ వయసులో తాగిన నీళ్ళే దాన్ని నిర్ణయిస్తాయి. విజయవాడలో కృష్ణ నీళ్ళు తాగి పెరిగిన మా పిన్ని కూతురి పళ్ళు తెల్లగా ఉంటాయి. పదేళ్ళ వయసులో మా ఊరొచ్చి మాతోపాటే అవే బోరు నీళ్ళు తాగింది, అయినా వాటికి ఏమీ కాలేదు. అప్పటికే ఆమె ముందు పళ్ళ ఎనామెల్ తయారైపోయి ఉంది కాబట్టి.

ఈ సంగతి తెలియనివాళ్ళు "పళ్ళు సరిగ్గా తోముకోవా అమ్మా?" అంటారు. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. రోజూ నాలుగు తరగతుల ముందు నిలబడి మాట్లాడే ఉద్యోగం. పెదవి పైకి లేవకుండా మాట్లాడటం చాలాకాలం అలవాటు చేసుకున్నాను. అది మాట మీద కూడా పడింది. ఫ, భ లాంటి అక్షరాలు నా నోట్లో సగమే పలికేవి. ఇది చెప్పింది నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి. తనవీ అలాంటి పళ్ళే.

మొదటిసారి పని చేయించుకున్నది ఒక పెద్ద నగరంలో, పేరున్న క్లినిక్‌లో. పేరు రాయను. అక్కడ ఒపేకర్ మాట ఎవరూ ఎత్తలేదు. మరకల మీద నేరుగా పంటి రంగు కాంపోజిట్ వేశారు. కుర్చీలో నుంచి లేచినప్పుడు బాగానే కనిపించింది. ఆ రాత్రికే ముందు పళ్ళు రెండూ బూడిదరంగులోకి తిరిగాయి. మట్టిగోడకు ఒక్క పూత సున్నం కొట్టినట్టు, కింది రంగు పోలేదు, పైది నిలవలేదు. అంతకుముందు గోధుమరంగు పళ్ళు ఉండేవి, ఇప్పుడు చచ్చిన పళ్ళలా కనిపించాయి. వెళ్ళి అడిగితే "మీ మరక చాలా ముదురు, క్యాపులు వేయించుకోండి" అన్నారు. క్యాపు వేయాలంటే పన్నును చుట్టూ చెక్కాలి. కుళ్ళు లేదు, నొప్పి లేదు, గట్టిగా ఉన్న పళ్ళు. రంగు బాగాలేదని వాటిని సన్నటి మేకుల్లా చెక్కించుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఆ క్లినిక్ మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. పని చెడినందుకు కాదు, అది ఎందుకు చెడిందో చెప్పనందుకు.

ఎందుకు చెడిందో గుంటూరులో ఒక డాక్టరుగారు చెప్పారు. మామూలు కాంపోజిట్‌లోంచి వెలుగు కొంతవరకు లోపలికి దూరుతుంది. అసలు పన్ను కూడా అలాంటిదే, అందుకే అది జీవంగా కనిపిస్తుంది. లోపలికి వెళ్ళిన వెలుగుకు కింద పంటి సహజమైన లేత పసుపు తగిలితే పన్ను పన్నులా ఉంటుంది. గోధుమరంగు తగిలితే అది వెలుగును మింగేస్తుంది, పైకి బూడిదరంగు కనిపిస్తుంది. కాబట్టి మరకకు చేరకముందే వెలుగును వెనక్కి తిప్పి పంపాలి. అందుకు ఒపేకర్‌లో టైటానియం డయాక్సైడ్ లాంటి తెల్లటి రేణువులు కలుపుతారు. గోడల రంగుల్లో వాడే తెలుపూ అదే. క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన పదార్థం నా పంటి మీదికి వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన పద్ధతి నాకు బాగా నచ్చింది. ముందు రంగు ఎంపిక. పళ్ళు తడిగా ఉన్నప్పుడే, ఏ పనీ మొదలుపెట్టకముందే షేడ్ చూశారు, ఎందుకంటే నోరు తెరుచుకుని కూర్చుంటే పన్ను ఆరిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. నేను అడిగింది బీ1, డాక్టర్లు పోల్చి చూసే పంటి రంగుల వరుసలో అన్నిటికంటే తెల్లనిది. "మీ కింది పళ్ళ మీద మరకలు అలాగే ఉంటాయి కదండీ. పైన అంత తెలుపు పెడితే మాట్లాడినప్పుడల్లా కిందివి మరీ ఎత్తి కనిపిస్తాయి" అని దానికంటే కొంచెం ముదురైన ఏ2 దగ్గర ఆపారు. తర్వాత పళ్ళకు నోటి తడి తగలకుండా రబ్బరు షీటు బిగించి, ఆమ్లం జెల్ రాసి, బాండింగ్ అనే అతికించే ద్రవం వేసి, మరకలున్న చోట మాత్రమే ఒపేకర్ పూసి, నీలం లైటుతో గట్టిపరిచారు. దాని మీద డెంటిన్ (ఎనామెల్ కిందుండే పంటి భాగం) రంగు పొర, పైన అంచుల దగ్గర కొంచెం పారదర్శకంగా ఉండే ఎనామెల్ రంగు పొర. ఒపేకర్ వేసిన వెంటనే అద్దం చూపించారు. పళ్ళు సుద్దముక్కల్లా ఉన్నాయి. గుండె జారిపోయింది. పై పొరలు పడ్డాక ఆ సుద్ద తెలుపు మాయమై పన్ను వచ్చింది.

అసలు కిటుకంతా అక్కడే ఉందని ఇన్నేళ్ళ తర్వాత నాకు అర్థమవుతోంది. ఒపేకర్ పలచనైతే మరక తొంగిచూస్తుంది. మందమైతే పై పొరలకు చోటు చాలక పన్ను గోడలా నిర్జీవంగా కనిపిస్తుంది, లేకపోతే బయటికి ఉబ్బి పెదవిని తోస్తుంది. మిల్లీమీటరులో కొద్ది భాగంలో జరిగే వ్యవహారం. అదంతా డాక్టరు చేతి మీదే ఆధారపడి ఉంటుంది. ఏ కంపెనీ పదార్థం వాడారు అని నన్ను అడిగేవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువ. వేసిన చెయ్యి గురించి అడగండి.

విరగడం గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే అందరూ భయపడేది దానికే. నేనూ భయపడ్డాను.

మా తమ్ముడి నిశ్చితార్థానికి ఊరెళ్ళాను. ముందురోజు సాయంత్రం అమ్మ వేడివేడి ఇడ్లీ పెట్టింది. మెత్తటి ఇడ్లీలో గట్టిగా ఏదో తగిలింది, రాయేమో అనుకుని తీసి చూస్తే తెల్లటి పెచ్చు. ముందు పన్ను కింది అంచు, ఒక మూల నుంచి ఏటవాలుగా ఊడిపోయింది. ఫోను టార్చి వేసి అద్దంలో చూసుకున్నాను. పొరలన్నీ కనిపించాయి. బయట పంటి రంగు, లోపల సన్నగా సుద్ద తెలుపు గీత, దాని వెనక, ఇన్నాళ్ళూ నేను మరిచిపోయిన గోధుమరంగు. చిన్నప్పటి నుంచీ అద్దంలో చూసిన రంగే. అంత చిన్న ముక్కలోంచి అది మళ్ళీ నా ముఖంలోకి వచ్చేసింది. తెల్లారితే పెళ్ళివారంతా వస్తారు, ఫోటోలు. గుంటూరు డాక్టరుగారు ఫోను తీయలేదు. తీసినా రాత్రికి రాత్రి అంత దూరం వెళ్ళలేను.

మా పిన్ని కొడుకు బండి మీద కనిగిరిలో ఒక చిన్న క్లినిక్‌కు తీసుకెళ్ళాడు. బయట గదిలో బెంచీ, లోపల ఒకే కుర్చీ. నిజం చెప్పాలంటే నాకు నమ్మకం లేదు. ఆ డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. నోరు తెరవగానే, "మీది ఈ పక్కేనాండీ? బోరు నీళ్ళా?" అంది. "ఈ పొరలు ఎవరు వేశారోగానీ శుభ్రంగా వేశారు. ఒక్క అంచే పోయింది, మిగతాదంతా పట్టుకునే ఉంది. మొత్తం తీయక్కర్లేదు, దీనికి అతికిద్దాం." అతుకు పెట్టవచ్చన్న సంగతే నాకు తెలియదు. పింగాణీ వెనీరు, అంటే పంటి ముందువైపు అతికించే పలచని పింగాణీ పెంకు, విరిగితే సాధారణంగా కొత్తది చేయించాల్సి వస్తుందని విన్నాను, ఇదీ అంతే అనుకున్నాను.

ముందు పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి కొరకమంది, దవడ ముందుకు జరపమంది. కింది పన్ను కొస ఒకటి సరిగ్గా విరిగిన మూలకే తగులుతోంది. ఇడ్లీ వంక మాత్రమే, రోజూ మాట్లాడినప్పుడూ నిద్రలోనూ అక్కడ ఒత్తిడి పడుతూనే ఉందని చెప్పింది. దానికి తోడు ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్‌కు ఆమ్లం తేలిగ్గా ఎక్కదట. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే ఆయన ఎనామెల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకు చేస్తే దాని మీద రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించారు. ఈ విద్య అంతా దాని మీదే నడుస్తోంది. గరుకు సరిగ్గా రాకపోతే పట్టు తగ్గుతుంది. "మన వైపు పళ్ళకు జెల్ ఇంకొంచెంసేపు ఉంచాలండీ, పుస్తకంలో ఉన్నంతసేపు సరిపోదు" అంది. రోజూ ఇవే పళ్ళు చూసే మనిషి మాట అది. నగరంలో అద్దాల క్లినిక్‌లో నాకు దొరకనిది అదే.

రంగు కలపడం చూసి నేను ఆశ్చర్యపోయాను. పాత పదార్థం ఏ కంపెనీదో నా దగ్గర కాగితం లేదు. ఆమె బాండింగ్ వేయకుండానే పన్ను మీద రెండు మూడు రకాల చుక్కలు పెట్టింది, ఒక్కోదాన్నీ లైటుతో గట్టిపరిచింది, ఎందుకంటే గట్టిపడ్డాక రంగు మారుతుంది. తర్వాత పన్ను తడిపి, నా చేతికి అద్దమిచ్చి వాకిట్లోకి రమ్మంది. ఇంకా ఎండ పొద్దు ఉంది. బల్బు కింద కలిసిపోయినట్టున్న చుక్క బయట వెలుతురులో తేలిపోయింది, మరోటి కలిసింది. ఒపేకర్ కూడా ఒక్కటే కాదు, తెల్లటిదీ పసుపు కలిసినదీ పక్కపక్కన పెట్టి చూపించింది. తెల్లటిది వేస్తే మరక పోయినా ఆ తెలుపే పైకి కొడుతుంది. పంటి లోపలి రంగుకు దగ్గరగా ఉన్నది వేస్తే, పైన పొర పలచగా ఉన్నా తేడా తెలియదు. బాండింగ్ లేదు కాబట్టి చుక్కలన్నీ పరికరం మొన తగలగానే ఊడివచ్చాయి. అప్పుడు మొదలుపెట్టింది అసలు పని: పాత కాంపోజిట్ అంచును సన్నటి అల్యూమినా పొడితో గరుకు చేసి, జెల్ రాసి కడిగి, బాండింగ్ వేసి, పొర మీద పొర పేర్చింది. కింది పన్ను కొసను కొద్దిగా నున్నన చేసింది. ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో మరుసటి రోజు సామాను సర్దుతోంది. నా పన్ను చూసి "విరిగింది ఏది?" అంది.

ఆ అతుకు ఇప్పటికీ ఊడలేదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన కొన్ని మాటలకు వివరణ ఇవ్వాలి. పన్ను అరగదీయకుండా అన్నాను. మరక మరీ ముదురుగా, గుంటలు పడి ఉన్న రెండు పళ్ళ మీద గుంటూరు డాక్టరుగారు పైపైన కొంచెం గీకారు, ఒపేకర్‌కు చోటు కావాలి కాబట్టి. నొప్పి లేదు, మత్తు ఇంజెక్షను ఇవ్వలేదు, క్యాపుకు చెక్కేదానితో పోలికే లేదు. కానీ అసలు ముట్టుకోలేదు అనడం సరికాదు. గీకిన ఎనామెల్ తిరిగి రాదు, ఆ పళ్ళకు జీవితమంతా ఏదో ఒక పూత ఉండాల్సిందే.

ఏ వెలుగులోనూ తేలలేదు అని కూడా అన్నాను. తమ్ముడి రిసెప్షన్‌లో వేదిక మీద ఊదారంగు లైట్లు పెట్టారు. ఫోటోల్లో నా పళ్ళలో ఒక మూల నల్లగా కనిపించింది. సహజమైన పన్ను ఆ అతినీలలోహిత వెలుగులో నీలం తెలుపుగా మెరుస్తుంది. కాంపోజిట్లలో కొన్ని అలా మెరుస్తాయి, కొన్ని మెరవవు. గుంటూరులో వేసింది మెరిసేది, కనిగిరిలో అతికింది మెరవనిది. మరక పైకి వచ్చిందేమోనని ఆ రాత్రంతా కంగారుపడ్డాను. కాదు, రెండు పదార్థాల మధ్య తేడా. పగటి వెలుగులో అది నాకే కనిపించదు.

మరక కిందినుంచి రాలేదుగానీ పక్కనుంచి వచ్చింది. కుడివైపు కోరపన్ను దగ్గర చిగురు కొద్దిగా వెనక్కి జరిగి, పూత అందని చోట సన్నటి గోధుమ గీత బయటపడింది. నవ్వితే కనిపించదు, పైపెదవి ఎత్తితే కనిపిస్తుంది. పూత అంచుల్లో టీ మరక వేరే. నేను టీ మానలేదు, పసుపు లేని కూర మా ఇంట్లో ఉండదు. పసుపు కాంపోజిట్‌కు బాగా పడుతుంది. ఏడాదికోసారి పాలిష్ పెట్టిస్తే అది పోతుంది. పాలిష్ అయిన మొదటి నెలల మెరుపు తర్వాత నెలల్లో ఉండదు, మసకబారుతుంది. బొగ్గుపొడి, తెల్లబరిచే పేస్టులు వాడవద్దన్నారు, అవి గీతలు పెట్టి ఇంకా త్వరగా మరక పట్టిస్తాయి. ఇంకొకటి తెలుసుకోవాలి. పళ్ళు తెల్లబరిచే బ్లీచింగ్ కాంపోజిట్ రంగును మార్చదు. రేపు కింది పళ్ళు బ్లీచింగ్ చేయించి తెల్లబడితే పైవి మాత్రం ఏ2 దగ్గరే ఉండిపోతాయి.

అందరికీ ఇదే చేయించుకోండి అనలేను. మా తమ్ముడివీ ఫ్లోరైడ్ పళ్ళే, కానీ వాడివి గోధుమరంగు కాదు, సుద్ద తెలుపు మచ్చలు. వాడికి ఒపేకర్ అవసరమే రాలేదు. మచ్చ ఉన్న చోట ఎనామెల్‌లో సన్నటి ఖాళీలు ఉంటాయి. ఎనామెల్ వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.62, ఖాళీల్లో ఉండే నీటిది 1.33, గాలిది 1. ఆ తేడా వల్ల వెలుగు చెదిరి మచ్చ తెల్లగా కనిపిస్తుంది. పన్ను ఆరితే మచ్చ ఎక్కువవడానికి కారణం అదే. ఆ ఖాళీల్లోకి పలచటి రెసిన్ ఇంకించారు, దాని గుణకం 1.5 పైన ఉంటుంది కాబట్టి మచ్చ చాలావరకు చుట్టూ ఉన్న ఎనామెల్‌లో కలిసిపోయింది. ఏమీ పూయలేదు, విరగడానికి ఏమీ లేదు. వాడి పళ్ళు నాకుంటే నేనూ అదే చేయించుకునేదాన్ని. నావి ముదురు గోధుమవి, గుంటలున్నవి. వాటికి అది చాలదని ఇద్దరు డాక్టర్లూ చెప్పారు.

పింగాణీ వెనీర్లు మెరుపు నిలుపుకుంటాయి, పసుపు పట్టదు, ఎక్కువ కాలం వస్తాయి. నాకు చెప్పిన ధర కాంపోజిట్‌కు మూడింతలకు దగ్గర. పైగా ముదురు మరక దాచాలంటే పింగాణీకి కూడా మందం కావాలి, మందం కావాలంటే పన్ను ఎక్కువ తీయాలి. డబ్బు చేతిలో ఉన్నవాళ్ళు, నలభై దాటినవాళ్ళు, ప్రతి ఏడాదీ పాలిష్‌కు తిరగలేనివాళ్ళు దాని గురించి ఆలోచించవచ్చు. రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటున్నవాళ్ళకు కాంపోజిట్ అంచులు నిలవడం కష్టమే. నేను ముప్పైల్లో ఉన్నాను, పొగ తాగను, నాకు దగ్గరలో రెండు చోట్ల చేయి తిరిగిన డాక్టర్లు ఉన్నారు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే నా అనుభవం ఇంత బాగుందేమో.

మీరు వెళ్ళే చోట ఒక్క ప్రశ్న అడగండి: మరక మీద నేరుగా వేస్తారా, మధ్యలో ఏమైనా వేస్తారా? రెండోది చెప్పి, ముందు మీ పన్ను మీదే చుక్క పెట్టి పగటి వెలుగులో చూపించగలిగితే కుర్చీలో కూర్చోండి. ఏ కంపెనీ పదార్థం, ఏ షేడ్ అన్నది కాగితం మీద రాయించుకుని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి, అతుకు వేసేవారికి పనికొస్తుంది. నా కింది పళ్ళకు ఇంకా ఏమీ చేయించలేదు. అక్కడ మరక తక్కువ, కొరికే ఒత్తిడి ఎక్కువ, పూత నిలుస్తుందో లేదో చెప్పలేనని కనిగిరి డాక్టరమ్మ అంది. ముందు ఒక్క పంటికి వేసి ఏడాది చూద్దామంది. వేసవి సెలవుల్లో వెళ్తాను.